పచ్చచుక్క జబ్బు: వైద్యుని చీటీలోని మాటలు



మైపాడు, కోడూరు మొదలైన సముద్రతీర గ్రామములనుండి మన పాఠశాలకు వచ్చు పిల్లలలో అనేకుల యిండ్లలో ఇంగ్లీషు అక్షరములు చదువగలవారు మీరే. ఆసుపత్రివారు వ్రాసి యిచ్చిన చీటీ ఇంటికి వచ్చినప్పుడు, "ఇందులో ఏమున్నదో చదువు నాయనా" అని తాతయు అవ్వయు దానిని మీ చేతికే యిత్తురు. మీరు అక్షరములను కూడబలుకుకొని చదువగలరు గాని మాటల అర్థము తెలియదు. "ఏదో కంటి జబ్బట" అని చెప్పి చీటీ మడిచి యిత్తురు. అది గూటిలో చేరును. ఈ వారములోనే సూదిమందు వేయింపవలెనని అందులో వ్రాసి యున్నను, పండుగ దాటిన తరువాత చూతమని పెద్దలు ఊరకుందురు.

శుక్లమైనయెడల కొన్ని నెలలు ఆగినను సాధారణముగా చికిత్స చెడదు. అయితే మఱియొక కంటి జబ్బు కలదు. దానిలో ఒక రకమునకు ఆలస్యము ఎంతమాత్రము పనికిరాదు. దాని పేరు ఇంగ్లీషులో మాక్యులర్ డీజనరేషన్. ఈ పేరును, దానితో కూడ చీటీలో కనబడు మాటలను, ఇప్పుడు లభించు చికిత్సను తెలిసికొనుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము. తలిదండ్రులును దీనిని చదువుదురు గాక.

1. కంటిలో పచ్చచుక్క యెక్కడ నున్నది?

కంటి ముందుభాగమున అద్దమువలె స్వచ్ఛమైన శుక్లపటలము కలదు. దాని వెనుక నల్లగా కనబడు పాప, పాప వెనుక కటకము ఉన్నవి. కటకమునకు వెనుక కంటి గోళమంతయు తేటయైన జిగురువంటి పదార్థముతో నిండియుండును. ఆ గోళము లోపలి గోడకు అంటుకొని యున్న పలుచని పొరయే నేత్రపటలము. దీనినే వైద్యులు రెటీనా అందురు. దీని మందము మిల్లీమీటరులో సుమారు నాలుగవ వంతు మాత్రమే. వెలుతురును గ్రహించు దండములు సుమారు 12 కోట్లు, శంకువులు సుమారు 60 లక్షలు ఈ పొరలో నున్నవి. దీని క్రింద రక్తనాళములతో నిండిన రక్తపటలము ఉండి, దీనిని పోషించుచుండును.

నేత్రపటలము నడుమ కందిగింజంత వెడల్పుగల ఒక చోటు కొంచెము పసుపువన్నె గలిగి యుండును. అదే పచ్చచుక్క. దాని మధ్యమున చిన్న గుంట యున్నది. ఆ గుంట నడిమి భాగము ఇసుకరేణువు కన్న పెద్దది కాదు. అయినను మనము అక్షరము చదువుటకును, మనిషి ముఖము గుర్తుపట్టుటకును, సూదిలో దారము ఎక్కించుటకును, వలకన్ను తెగినచోటు కనిపెట్టుటకును ఆ చిన్న చోటే ఆధారము. మిగిలిన నేత్రపటలము ప్రక్కలనున్న వస్తువులను, కదలికను మాత్రము తెలుపును.

దీనిని మీరే పరీక్షింపవచ్చును. ఈ పుటలో ఒక మాటమీద చూపు నిలిపి, కన్ను కదపక, దానికి నాలుగంగుళముల దూరముననున్న మాటను చదువ ప్రయత్నింపుడు. అక్కడ ఏదో వ్రాత యున్నదని తెలియును గాని అక్షరము తెలియదు. పచ్చచుక్క చెడినవారికి తాము నేరుగా చూచిన ప్రతి వస్తువును అట్లే యుండును.

2. శుక్లము వేరు, ఈ జబ్బు వేరు

మన గ్రామములలో ముసలితనమున చూపు తగ్గిన ప్రతివానికిని "పొర వచ్చినది" అందురు. ఈ ఒక్క మాటవలన అనేకులు మోసపోవుచున్నారు. పొర యనగా శుక్లము. కంటిలోని కటకము వయస్సుచేత మసకబారుటయే శుక్లము. శస్త్రచికిత్సచేసి ఆ కటకమును తీసి కృత్రిమ కటకమును పెట్టినయెడల చూపు తిరిగి వచ్చును. పచ్చచుక్క జబ్బులో కటకము స్వచ్ఛముగానే యుండవచ్చును. చెడినది వెనుక గోడ.

సినిమా ప్రదర్శనమును తలచుకొనుడు. యంత్రపు అద్దముమీద దుమ్ము పడినయెడల బొమ్మయంతయు మసకగా నుండును. అద్దము తుడిచిన చాలును. తెఱ నడుమ చినిగినయెడల అద్దమును ఎంత తుడిచినను ఆ చినిగినచోట బొమ్మ కనబడదు. మొదటిది శుక్లము, రెండవది పచ్చచుక్క జబ్బు.

గుర్తులును వేరు. శుక్లమున్నవారికి చూపంతయు మంచు పట్టినట్లుండును, రాత్రివేళ దీపముల చుట్టు వెలుగు చెదరును. పచ్చచుక్క చెడినవారికి ప్రక్కలన్నియు బాగుగా కనబడుచు, నడుమ మాత్రము మరక పడినట్లుండును. కొందరికి తిన్నని గీతలు వంకరగా తోచును. గుంజ, తలుపు దారబందము, విద్యుత్తు స్తంభము వంగినట్లు కనబడును.

ఈ భేదము తెలియకపోవుటవలన రెండు అన్యాయములు జరుగుచున్నవి. కొందరికి శుక్లమును పచ్చచుక్క జబ్బును కూడ ఉండును. శుక్లము తీసిన తరువాత వెలుతురు హెచ్చినను నడిమి చూపు రాదు. అప్పుడు "ఆపరేషను చెడినది" అని వైద్యుని నిందించి, మరల ఆసుపత్రి గడప త్రొక్కరు. రెండవది ఇంటిలోనే జరుగును. ముసలమ్మ నేలమీద ఒక మూలగా పడిన రూపాయిని చూచి తీయును గాని, ఎదుట నిలిచిన మనుమని ముఖము గుర్తుపట్టదు. అది చూచి ఇంటివారు "నటించుచున్నది" అందురు. ఆమె నటించుట లేదు. ప్రక్కచూపు మిగిలి నడిమి చూపు పోవుటయే ఈ జబ్బు లక్షణము.

3. పేరును విడదీసి చదువుట

పెద్ద మాటలకు భయపడనక్కరలేదు. సంధి విడదీసినట్లు విడదీసినయెడల అవి చిన్న మాటలే.

మాక్యులా అనునది లాటిన్ మాట. మరక, చుక్క అని దాని అర్థము. లుటియా అనగా పసుపుపచ్చని. మాక్యులా లుటియా అనగా మన పచ్చచుక్కయే. డీజనరేషన్ అనగా ఉన్న స్థితినుండి క్షీణించుట. వయస్సుతో వచ్చునది గనుక ముందు ఏజ్ రిలేటెడ్ అని చేర్చుదురు. మూడింటి మొదటి అక్షరములు తీసికొని చీటీలో ఏ.ఎం.డి. అనియో ఏ.ఆర్.ఎం.డి. అనియో వ్రాయుదురు. "వయస్సువలన పచ్చచుక్క క్షీణించుట" అని దాని భావము.

డ్రూసెన్ అనునది జర్మను మాట. రాతిలోపలి గుల్లలలో మెరయు స్ఫటికములకు అక్కడి గనిపనివారు పెట్టిన పేరునుండి వచ్చినది. గూడూరు, సైదాపురము ప్రాంతపు అభ్రకపు గనులు చూచినవారికి రాతిలో మెరపు అనగా ఏమో తెలియును. కంటిలో ఇవి లేత పసుపు చుక్కలుగా కనబడును. దండములు శంకువులు ప్రతిదినము తమ కొనలను కొంచెము కొంచెముగా రాల్చుచుండును. ఆ చెత్తను వాటి క్రిందనున్న ఒక కణముల వరుస ఎత్తివేయుచుండును. వయస్సు మీరినకొలది ఆ పని మందగించి, చెత్త పొరల నడుమ పేరుకొనును. ఆ పేరుకొన్న చెత్తయే డ్రూసెన్. చిన్నవి కొన్ని యున్నంతమాత్రమున భయములేదు. పెద్దవి, అనేకములు ఉన్నయెడల జబ్బు ముదురు నవకాశము ఎక్కువ.

4. పొడి రకము, తడి రకము

ఈ జబ్బు రెండు విధములు. చీటీలో డ్రై అని యున్నయెడల పొడి రకము, వెట్ అని యున్నయెడల తడి రకము. ఈ ఒక్క మాటను తప్పక చూడవలెను. ఏలయనగా తరువాత చేయవలసిన పనియంతయు దానిమీదనే ఆధారపడియున్నది.

నూటికి 85 మొదలు 90 మందికి వచ్చునది పొడి రకము. ఇది సంవత్సరముల తరబడి మెల్లగా నడచును. ముదిరినప్పుడు పచ్చచుక్కలోని కణములు అక్కడక్కడ నశించి, పటములోని దేశముల హద్దులవలె ఖాళీలు ఏర్పడును. దానిని జియోగ్రాఫిక్ అట్రఫీ అందురు. అట్రఫీ అనగా పోషణలేక కృశించుట.

తడి రకము నూటికి 10 మొదలు 15 మందికి మాత్రమే వచ్చును. కాని చికిత్స లేని దినములలో తీవ్రముగా చూపు పోయినవారిలో అత్యధికులు ఈ రకమువారే. రక్తపటలమునుండి క్రొత్త రక్తనాళములు పుట్టి, నేత్రపటలము క్రిందికి ప్రాకును. అవి గట్టివి కావు. చెఱువుకట్ట క్రింద ఊట పట్టినట్లు వాటినుండి నీరును రక్తమును ఊరి, పచ్చచుక్కను పైకెత్తును. అందువలననే తిన్నని గీతలు వంకరగా కనబడును. ఊట నిలిచిపోయినచోట తుదకు మచ్చ కట్టును. మచ్చ కట్టిన తరువాత ఏ మందును చూపును తిరిగి తేజాలదు. చీటీలో సి.ఎన్.వి. అనియో సి.ఎన్.వి.ఎం. అనియో ఉన్నయెడల అవి ఈ క్రొత్త నాళములే. కొరాయిడ్ అనగా రక్తపటలము, నియో అనగా క్రొత్త, వాస్క్యులర్ అనగా రక్తనాళములకు సంబంధించినది.

పొడి రకము తడి రకముగా మారవచ్చును. కట్ట క్రింద ఊట కనబడిన దినముననే మన్ను వేయని రైతు చెఱువును పోగొట్టుకొనును. అట్లే గీతలు వంకరయైన దినములలోనే వైద్యుని చేరనివారు చూపును పోగొట్టుకొందురు.

5. ఇంటిలో చేయదగిన పరీక్ష

స్విట్జర్లాండు దేశపు నేత్రవైద్యుడు మార్క్ ఆమ్స్లర్ ఒక గళ్ళ పటమును వాడుకలోనికి తెచ్చెను. అది ఇప్పటికిని ఆయన పేరనే యున్నది. దానిని మీరు గణితపు కాగితముమీద గీయవచ్చును. 10 సెంటీమీటరుల చతురస్రము గీసి, 5 మిల్లీమీటరుల కొక గీత చొప్పున నిలువుగాను అడ్డముగాను గీయుడు. 400 గళ్ళు వచ్చును. నడుమ ఒక నల్లని చుక్క పెట్టుడు.

పెద్దవారిని మంచి వెలుతురులో కూర్చుండబెట్టి, చత్వారపు అద్దాలున్నయెడల పెట్టుకొనుమని చెప్పి, పటమును సుమారు 30 సెంటీమీటరుల దూరమున పట్టుడు. ఒక కన్ను అరచేతితో మూసి, రెండవ కంటితో నడిమి చుక్కనే చూడవలెను. గీతలన్నియు తిన్నగా నున్నవా? ఎక్కడనైన వంగినవా? ఏ గడియైన మాయమైనదా? తరువాత రెండవ కన్ను. కండ్లు రెండును తెఱచి పరీక్షించినయెడల ప్రయోజనము లేదు. మంచి కన్ను చెడ్డదాని లోపమును కప్పిపుచ్చును. ఒక కన్ను చాలవరకు చెడినను అనేకులకు తెలియకుండుటకు కారణము ఇదే.

గీతలు క్రొత్తగా వంగినట్లు కనబడినయెడల అది ఆ వారములోనే రెటీనా వైద్యుని చూడవలసిన గుర్తు. అద్దాల దుకాణమునకు పోయి అద్దాలు మార్చుకొనుట దీనికి మందు కాదు. పటము తిన్నగా కనబడినంతమాత్రమున జబ్బు లేదనియు అనుకొనరాదు. వైద్యుని పరీక్ష వేరుగా ఉండనే యుండవలెను.

6. ఆసుపత్రిలో జరుగు పరీక్షలు

మొదట అక్షరముల పలకతో చూపు కొలుతురు. 6/60 అని వ్రాసినయెడల, మంచి కన్ను 60 మీటరుల దూరమునుండి చదువగల అక్షరమును ఈ కన్ను 6 మీటరుల దూరమునుండి మాత్రమే చదువగలదని అర్థము. పిమ్మట పాప పెద్దదగుటకు చుక్కలమందు వేయుదురు. కొన్ని గంటలు దగ్గరి వస్తువులు మసకగా నుండును, ఎండ కండ్లకు గుచ్చును. కావున తోడు లేక పెద్దవారిని పంపకూడదు.

ఓ.సి.టి. అను యంత్రమును గూర్చి 1991లో మొదట శాస్త్రపత్రికయందు ప్రకటించిరి. ఇది కంటిని తాకదు. వెలుతురును పంపి, తిరిగివచ్చిన వెలుతురునుబట్టి నేత్రపటలపు పొరలను అడ్డముగా కోసి చూపినట్లు బొమ్మ తీయును. పొరల నడుమ నీరు చేరినదో లేదో దీనివలన తెలియును. మందమును మైక్రానులలో వ్రాయుదురు. మిల్లీమీటరులో వెయ్యవ వంతు ఒక మైక్రాను.

కొన్నిసార్లు చేతి నరములోనికి ఫ్లోరెసీన్ అను రంగుమందు ఎక్కించి కంటి రక్తనాళముల ఫోటోలు తీయుదురు. చీటీలో దీనిని ఎఫ్.ఎఫ్.ఏ. అని వ్రాయుదురు. ఒకటి రెండు దినములు మూత్రము పచ్చగా వచ్చును. అది కామెర్లు కాదు, భయపడనక్కరలేదు. ఈ పద్ధతిని 1961లో ప్రకటించిన నొవాట్నీ, ఆల్విస్ అనువారు అప్పటికి అమెరికాలో వైద్యవిద్యార్థులే. విద్యార్థులు చేయగల పని యెంతటిదో దీనివలన గ్రహింపుడు.

7. చికిత్స

తడి రకమునకు మొదట లేసరు కిరణముతో నాళములను కాల్చెడివారు. నాళముతోపాటు చూపుగల చోటును కాలిపోయెడిది. 2000 సంవత్సరమున వెర్టెపోర్ఫిన్ అను మందును, వేడిలేని లేసరును కలిపి వాడు పద్ధతి వచ్చెను. అది క్షీణతను కొంత తగ్గించెను గాని చూపును సాధారణముగా పెంచలేదు.

గొప్ప మార్పు వేరొక మార్గమున వచ్చినది. క్రొత్త రక్తనాళములను మొలిపించు ఒక పదార్థము శరీరములో కలదని, 1989లో నెపోలియోన్ ఫెరారా మొదలైనవారు దానిని వేరుచేసి చూపిరి. దాని పేరు వి.ఇ.జి.ఎఫ్. దీనిని అణచు బెవాసిజుమాబ్ అను మందును 2004లో పెద్దప్రేగు క్యాన్సరునకు అమెరికాలో అనుమతించిరి. 2005లో ఫిలిప్ రోజెన్‌ఫెల్డ్ అను వైద్యుడు దానినే అతి స్వల్పముగా కంటిలోనికి ఎక్కించి ఫలితమును ప్రకటించెను. కంటికొరకే చేసిన రానిబిజుమాబ్ 2006లోను, అఫ్లిబెర్సెప్ట్ 2011లోను, ఫారిసిమాబ్ 2022లోను అమెరికాలో అనుమతి పొందినవి. రానిబిజుమాబ్‌నకు సమానమైన దేశీయపు మందు 2015లో మన దేశమున వచ్చినది. మందు పేరు చివర "మాబ్" అని యున్నయెడల అది ఒక్క పదార్థమునే వెదకి పట్టుకొనునట్లు చేసిన ప్రతిరక్షకమని తెలిసికొనుడు. ఈ గుంపునంతటిని కలిపి యాంటీ వెజ్ఎఫ్ మందులందురు.

వీటి ప్రయోజనమెంత? 2006లో ప్రకటింపబడిన ఒక పరీక్షలో 716 మంది పాల్గొనిరి. ఒక సంవత్సరము తరువాత చూచినప్పుడు, రానిబిజుమాబ్ పొందినవారిలో నూటికి సుమారు 95 మంది పలకమీద మూడు వరుసల చూపు కోల్పోకుండ నిలిచిరి. మందు లేనివారిలో నూటికి 62 మందియే నిలిచిరి. మందు పూర్తి మోతాదున పొందినవారిలో మూడవవంతు మందికి మూడు వరుసలు గాని అంతకన్న ఎక్కువ గాని చూపు పెరిగినది. అంతకుముందు ఏ చికిత్సయు ఇట్టి ఫలితము చూపలేదు.

"కంటిలో సూదియా!" అని పెద్దలు హడలుదురు. అది సహజము. మీరు వారికి ఉన్నదున్నట్లు చెప్పుడు. ముందు తిమ్మిరి చుక్కలు వేయుదురు. అయోడిన్ మందుతో కంటిని శుభ్రపఱతురు. రెప్పలు మూసికొనకుండ చిన్న కమ్మి పెట్టుదురు. మిక్కిలి సన్నని సూదితో కంటి తెల్లభాగమునుండి ఒక్క చుక్కంత మందు, అనగా మిల్లీలీటరులో ఇరువదవ వంతు, లోపలికి పంపుదురు. సూది గ్రుచ్చుట కొన్ని క్షణముల పని. తెల్లగ్రుడ్డు మీద ఎఱ్ఱని మరక కొన్ని దినములుండవచ్చును. అది దానంతట అదే పోవును. అయితే సూది వేసిన తరువాతి దినములలో నొప్పి హెచ్చినను, కన్ను మిగుల ఎఱ్ఱబడినను, చూపు తగ్గినను ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. కంటి లోపల చీము పట్టుట వేలలో ఒకరికి మాత్రమే వచ్చును గాని, వచ్చినప్పుడు గంటలే లెక్క.

ఇంకొక సంగతి మఱవకూడదు. ఈ మందు ఊటను ఆపునే గాని దాని వేరును పెరికివేయదు. ఒకటి రెండు నెలలలో మందు బలము తగ్గును. అందుచేత మొదట నెలకొకటి చొప్పున మూడు సూదులు వేసి, తరువాత ఓ.సి.టి. చూచి ఎడము పెంచుదురు. "చూపు బాగైనది గదా, ఇక ఎందుకు?" అని మానినవారికి ఊట మరల పుట్టును. చేపలవేట కాలమని, కోతల కాలమని తేదీ తప్పింపరాదు.

ఖర్చు విషయమై సిగ్గుపడక వైద్యుని అడుగుడు. 2011లో అమెరికా ప్రభుత్వ నేత్రసంస్థ పక్షమున జరిగిన పెద్ద పరీక్షలో, బెవాసిజుమాబ్ రానిబిజుమాబ్‌తో సమానముగా చూపును కాపాడినట్లు తేలినది. ధర మాత్రము మిగుల తక్కువ. అయితే అది పెద్ద సీసాలో వచ్చునది గనుక, దానిని చిన్న మోతాదులుగా పంచుట పరిశుద్ధమైన గదిలో జరుగవలెను. అట్టి ఏర్పాటుగల ఆసుపత్రిలోనే వేయించుకొనవలెను.

పొడి రకమునకు సూదిమందు సాధారణముగా పనిలేదు. ముదిరిన జియోగ్రాఫిక్ అట్రఫీకి 2023లో అమెరికాలో రెండు మందులను అనుమతించిరి. అవి క్షీణతను మెల్లజేయును గాని పోయిన చూపును తేవు. మధ్యస్థమైన స్థితిలో నున్నవారికి విటమినుల మాత్రలు కొంత మేలు చేయునని 2001లో తేలినది. అయిదేండ్లలో జబ్బు ముదురు ప్రమాదము సుమారు నాలుగవ వంతు తగ్గెను. 2013లో బీటా కెరోటిన్ తీసి ల్యూటిన్, జియాజాంథిన్ చేర్చిరి. ఏలయనగా బీటా కెరోటిన్ మాత్రలు పొగత్రాగువారికి ఊపిరితిత్తుల క్యాన్సరు ప్రమాదమును పెంచును. ఈ మాత్రలు జబ్బు లేనివారికి జబ్బు రాకుండ ఆపవు. కావున వైద్యుడు చెప్పినవారే వాడవలెను.

ఆకు పసరు, తేనె, చనుబాలు కంటిలో పోయుటవలన వెనుక గోడకు ఏ మేలును చేరదు. కన్ను చీము పట్టు అపాయము మాత్రము కలదు.

8. మన చేతిలో నున్న జాగ్రత్త

1996 మొదలు 2000 వరకు ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థవారు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో హైదరాబాదు నగరమునందును, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాలయందును ఇంటింటికి వెళ్ళి 10,293 మందిని పరీక్షించిరి. నలువదియేండ్లు దాటినవారిలో నూటికి ఇంచుమించు ఇద్దరికి ఈ జబ్బు ఉన్నట్లు తేలి, 2005లో ప్రకటింపబడినది. ఆ పరిశోధన మనకు చెప్పు మఱియొక మాట గమనింపదగినది. చుట్టలు ఎక్కువగా త్రాగువారిలో ఈ జబ్బు సుమారు మూడురెట్లు అధికముగా కనబడెను. వయస్సును మనము ఆపలేము, వంశమును మార్చలేము, చుట్టను మానవచ్చును. బీడీ, సిగరెట్టులును అట్టివే. రక్తపుపోటును అదుపులో నుంచుట, తోటకూర, మునగాకు, మొక్కజొన్న, గ్రుడ్డు, చేపలు తినుట మంచిది. చేపలు భోజనముగా మంచివే గాని, 2013 నాటి పరీక్షలో చేపనూనె మాత్రలు ఈ జబ్బునకు ప్రత్యేకమైన మేలు చూపలేదు.

చికిత్సకొరకు మన తీరమువారికి దారులున్నవి. మద్రాసు ఎగ్మూరులోని ప్రభుత్వ కంటి ఆసుపత్రి 1819లో స్థాపింపబడినది. లోకములోని ప్రాచీన నేత్రవైద్యశాలలలో అది యొకటి. అదే నగరమున శంకర నేత్రాలయము 1978లో వెలసినది. డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ సంస్థ 1987 నుండి హైదరాబాదులో పనిచేయుచు, 2011లో విజయవాడ యొద్ద తాడిగడపలో శాఖను తెఱచినది. ఎక్కడికి పోయినను "రెటీనా వైద్యుడు ఏ దినమున ఉండును?" అని ముందుగా అడిగి పోవుడు.

9. మిగిలిన చూపుతో బ్రదుకు

ఈ జబ్బువలన మనిషి కటికచీకటిలో పడడు. ప్రక్కచూపు మిగులును. చూడదలచిన వస్తువునకు కొంచెము ప్రక్కగా చూపు నిలుపుట నేర్చుకొన్నవారు చాల పనులు చేసికొందురు. భూతద్దము, భుజము వెనుకనుండి పడు మంచి దీపము, పెద్ద అక్షరముల పుస్తకము, చదివి వినిపించు ఫోను ఉపయోగపడును. తెల్లని అన్నమును తెల్లని పళ్ళెములో గాక ముదురు రంగు పళ్ళెములో వడ్డింపుడు. మీరు ఇంటిలో అడుగుపెట్టగానే "అవ్వా, నేను వచ్చితిని" అని పేరు చెప్పి పలుకరింపుడు. ముఖము తెలియని బాధ అందుచేత కొంత తీరును.

మఱియొక విషయము. చూపు బాగా తగ్గినవారిలో కొందరికి లేని మనుష్యులు, పువ్వులు, గళ్ళ బొమ్మలు ఎదుట కనబడును. స్విట్జర్లాండు పండితుడు ఛార్లెస్ బొనే తన తాతకు ఇట్లు కనబడుటను 1760లో వ్రాసెను గనుక దీనిని ఆయన పేర పిలుతురు. కంటినుండి వార్త రానప్పుడు మెదడు తానే బొమ్మలు కల్పించుకొనును. ఇది పిచ్చి కాదు, గాలి సోకుటయు కాదు. మంత్రగాని యొద్దకు పరుగెత్తనక్కరలేదు. పెద్దలు నవ్వుదురను భయముచేత దీనిని దాచుదురు. మీరు మృదువుగా అడిగి, ధైర్యము చెప్పి, వైద్యునికి తెలుపుడు.

10. చీటీలో చూడవలసిన మాటలు

ఓ.డి. – కుడి కన్ను. ఓ.ఎస్. – ఎడమ కన్ను. ఓ.యు. – రెండు కండ్లు.
సి.ఎఫ్. – ఎదుట చూపిన వ్రేళ్ళను మాత్రము లెక్కింపగల చూపు.
డ్రై – పొడి రకము. వెట్ – తడి రకము, ఆలస్యము కూడదు.
డ్రూసెన్ – పొరల నడుమ పేరుకొన్న చెత్త.
సి.ఎన్.వి.ఎం. – క్రొత్తగా మొలచిన రక్తనాళముల పొర.
ఎస్.ఆర్.ఎఫ్. – నేత్రపటలము క్రింద చేరిన నీరు.
ఐ.ఆర్.ఎఫ్. – నేత్రపటలములోనే చేరిన నీరు.
స్కార్ – మచ్చ.
ఇంట్రావిట్రియల్ – కంటి లోపలి జిగురులోనికి వేయు సూదిమందు.
రివ్యూ – మరల రావలసిన తేదీ. దీనిని గోడ క్యాలెండరులో గుర్తుపెట్టుడు.

అభ్యాసములు

1. శుక్లమునకును పచ్చచుక్క జబ్బునకును గల భేదమును సినిమా తెఱ ఉపమానముతో వివరింపుము.
2. పొడి రకము, తడి రకములలో దేనికి ఆలస్యము పనికిరాదు? ఏల?
3. చూపు బాగైన తరువాత సూదులు మానినయెడల ఏమగును?
4. ఆమ్స్లర్ పటమును గీసి, మీ యింటనున్న అరువదియేండ్లు దాటిన ప్రతివారికిని, ఒక్కొక్క కన్ను మూసి చూపింపుము. వారు చెప్పినదానిని తేదీతో సహా నోటు పుస్తకములో వ్రాయుము. గీత వంగినదని ఎవరైన చెప్పినయెడల, ఆ పుటను ఉపాధ్యాయునికి చూపుటకు ముందే తలిదండ్రులకు చూపుము.